డీటీపీ ఇంట్లో బ్యాకప్: నా అనుభవం

విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంటి ముందు గదే మా ఆఫీసు. డీటీపీ పని, అంటే అచ్చుకి వెళ్లే పేజీలు కంప్యూటర్లో కూర్చి పెట్టడం. బిల్ బుక్కులు, కరపత్రాలు, శుభలేఖలు, శ్రద్ధాంజలి కార్డులు రోజు గడుపుతాయి. పుస్తకాల కంపోజింగ్ నాలుగు డబ్బులూ కాస్త పేరూ తెస్తుంది. ఏలూరు రోడ్డు ప్రచురణకర్తలు కొందరు, సొంత ఖర్చుతో కవితల పుస్తకం వేసుకునే రిటైర్డు మాస్టార్లు కొందరు మా పార్టీలు.

ఈ పనిలో జాబ్ డెలివరీ అయిపోయినా ఫైల్‌తో రుణం తీరదు. మూడేళ్ల కిందట బిల్ బుక్కు చేయించుకున్నాయన వచ్చి "సేమ్ అదే, ఫోన్ నంబర్ ఒక్కటి మార్చండి" అంటాడు. మాస్టారి పుస్తకం రెండో ముద్రణకొస్తుంది. పాత ఫైల్ ఉంటే పావుగంట పని. లేకపోతే మొదటి పేజీ నుంచి మళ్లీ టైప్ కొట్టుకుంటూ రావాలి, ప్రూఫులు మళ్లీ చూపించాలి, డబ్బులు మాత్రం మళ్లీ అడగలేం. ప్రింటర్ పోతే బీసెంట్ రోడ్డు దాకా వెళ్లి ఇంకొకటి తెచ్చుకుంటాం. డీ డ్రైవ్‌లో ఉన్న పాత జాబులు ఏ షాపులో దొరుకుతాయి?

2024 సెప్టెంబర్ 1న బుడమేరు నగరం మీద పడింది. అప్పుడు అందరి చూపూ కృష్ణ మీదే. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిందని టీవీల్లో ఒకటే గోల. నీళ్లు మాత్రం వెనక నుంచి వచ్చాయి. బుడమేరుని బెజవాడ దుఃఖదాయని అని పెద్దవాళ్లు ఊరికే అనలేదు. సింగ్ నగర్, రాజరాజేశ్వరీపేట, పాయకాపురం గ్రౌండ్ ఫ్లోర్లన్నీ మునిగాయి. మా వైపు అంత రాలేదు. సింగ్ నగర్‌లో నాలాగే డీటీపీ చేసుకునే మిత్రుడికి ఫోన్ కలవడానికి చాలా సేపు పట్టింది. మేడ మీద ఉన్నారు, మనుషులు బానే ఉన్నారు.

"సిస్టమ్ పోయింది బావా" అన్నాడు.

"బ్యాకప్ తీస్తావుగా నువ్వు?"

"ప్రతి శనివారం తీస్తా. ఎక్స్‌టర్నల్ డిస్కులో. సిస్టమ్ టేబుల్ సొరుగులోనే ఉంది అది కూడా."

మా సర్కిల్లో అందరికంటే క్రమశిక్షణ ఉన్న మనిషి. వారం తప్పకుండా కాపీ తీసేవాడు. కంప్యూటర్‌కీ కాపీకీ మధ్య దూరం ఒక జానెడు. నీళ్లు దిగాక బురద తుడిచి డిస్కు రిపేరుకిచ్చాడు. కొంత వచ్చింది, చాలా రాలేదు. వచ్చినవాటికి కూడా ఫైలు పేర్లు లేవు, అంకెలే. ఏది ఎవరి జాబో ఒక్కోటీ తెరిచి చూసుకోవాలి.

అప్పుడు కూర్చున్నాను నా డీ డ్రైవ్ ముందు.

బ్యాకప్ అనగానే ఏ డిస్కు కొందాం, ఎన్ని టీబీలు అని మొదలెడతాం. నాకు ఎక్కువ టైమ్ పట్టింది అక్కడ కాదు. అసలు ఏది ఎక్కడుందో రాసుకోవడానికి పట్టింది. జాబులు డీ డ్రైవ్‌లో సంవత్సరాల వారీ ఫోల్డర్లలో ఉన్నాయి, అంతవరకు సరే. పార్టీలు వాట్సాప్‌లో పంపిన ఫొటోలు డౌన్‌లోడ్స్‌లో, అర్జెంటుగా చేసినవి డెస్క్‌టాప్ మీద, ప్రూఫులు మెయిల్లో, మా ఆవిడ రాసే లెక్కల ఎక్సెల్ ఇంకో లాప్‌టాప్‌లో. బీరువా పైన ఒక అట్టపెట్టె నిండా పాత సీడీలు. వాటిలో సగం డ్రైవులో పెడితే తిరుగుతాయి తప్ప చదవవు. ఒకదాని వెండి పొర పొలుసులా లేచి చేతికొచ్చింది. చదివినవన్నీ అప్పుడే హార్డ్ డిస్కులోకి దించేశాను.

తీసేయాల్సినవి కూడా తేలాయి. డీటీపీ సెంటర్ అంటే జిరాక్సులకీ స్కానింగులకీ కూడా వస్తారు. స్కాన్స్ అనే ఫోల్డర్లో ఆధార్ కార్డులు, పాన్ కార్డులు, ఎవరివో బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీలు. ప్రింటు తీసిచ్చాక వాటితో మనకేం పని? 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది. చట్టం సంగతి అటుంచండి, ఊళ్లో వాళ్ల ఆధార్లు మూడు డిస్కుల్లో కాపీలు పెట్టుకుని తిరగడం నాకే బాగనిపించలేదు. ఆ ఫోల్డర్ మొత్తం ఖాళీ చేశాను. ఇప్పుడు పని అయిపోగానే స్కాన్ తీసేస్తాం.

మా ఆడిటర్ గారిని అడిగితే సొంత బిల్లుల సంగతి చెప్పారు. జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలు, బిల్లులు ఆ సంవత్సరపు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలట. "మార్చి 31 వరల్డ్ బ్యాకప్ డేనండీ, మీకు తెలుసా?" అన్నాను. 2011 నుంచి జరుపుతున్నారు. ఆయన నా వంక చూసిన చూపు చెప్పలేను. మన దేశంలో మార్చి 31న ఆడిటర్‌కి అన్నం తినే తీరికే ఉండదు.

అందరూ చెప్పే సూత్రం ఒకటుంది: మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, అందులో ఒకటి ఊరవతల. దీన్ని ప్రచారంలోకి తెచ్చింది పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్. మనబోటి చిన్న వ్యాపారస్తుడే, ఫొటోలు పోతే మళ్లీ తీయలేని మనిషి. అందుకే కాబోలు ఆ లెక్క మాలాంటి వాళ్లకి సరిగ్గా సరిపోతుంది.

రెండు ఎక్స్‌టర్నల్ డిస్కులు తెచ్చాను, ఒకటి ఒక కంపెనీది, రెండోది ఇంకో కంపెనీది. ఒకే బ్యాచ్ డిస్కులైతే ఒకేసారి పోయే ప్రమాదం ఉంటుంది. కాపీకి విండోస్‌లోనే ఉన్న రోబోకాపీ అనే ప్రోగ్రామ్ వాడుతున్నాను. దాని ఆదేశాలతో చిన్న బ్యాచ్ ఫైల్ రాసి డెస్క్‌టాప్ మీద పెట్టాను. డబుల్ క్లిక్ చేస్తే మారిన ఫైళ్లు మాత్రమే వెళ్తాయి, కాబట్టి మొదటిసారి తప్ప ఎక్కువ సేపు పట్టదు. ఒక్క జాగ్రత్త. వీడియోల్లో చాలామంది ఎంఐఆర్ అనే ఆప్షన్ పెట్టమంటారు. అది పెడితే ఇక్కడ డిలీట్ చేసింది అక్కడా డిలీట్ అవుతుంది. పొరపాటున ఒక ఫోల్డర్ ఇక్కడ ఎగిరిపోయాక ఆ క్లిక్ కొట్టారంటే కాపీ కూడా ఎగిరిపోయినట్టే. నేను సబ్‌ఫోల్డర్లతో సహా కాపీ చేసే 'ఇ' ఆప్షన్ ఒక్కటే పెట్టాను. డిస్కులో చెత్త పేరుకుంటుంది, పేరుకోనీ.

కాపీ అవగానే డిస్కు తీసేస్తాను. ఎప్పుడూ తగిలించి ఉంచితే వైరస్‌కి దాన్నీ మనమే అప్పగించినట్టు. 2017 మేలో వానాక్రై అనే వైరస్ వచ్చినప్పుడు మన రాష్ట్రంలో పోలీసుల కంప్యూటర్లకే సోకింది. చిత్తూరు, కృష్ణా, గుంటూరు జిల్లాల పేర్లు పేపర్లో వచ్చాయి. ఫైళ్లన్నిటికీ తాళం వేసి 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కట్టమనేది. అలాంటిది వస్తే ఆ క్షణాన తగిలించి ఉన్న ప్రతి డ్రైవూ పోతుంది.

ఇంకో చిన్న డిస్కు మాత్రం ఎప్పుడూ సిస్టమ్‌కే ఉంటుంది, విండోస్‌లో ఉండే ఫైల్ హిస్టరీ అనే సదుపాయం కోసం. మామూలుగా గంటకోసారి మారిన ఫైళ్ల పాత రూపాలు దాస్తుంది. జాబులు డీ డ్రైవ్‌లో ఉంటే ఆ ఫోల్డర్ని మనమే చేర్చాలి, దానంతట అది తీసుకోదు. ఇది వరదల కోసం కాదు, రచయితల కోసం. ఒక మాస్టారు మూడో ప్రూఫులో ఒక పేరా మార్పించారు, నాలుగో ప్రూఫులో ఇంకా మార్పించారు. ఆఖరికి అచ్చు ప్లేటుకి వెళ్లే ముందు ఫోన్ చేసి "మొదటిదే బాగుంది నాయనా, అదే ఉంచు" అన్నారు. అంతకుముందైతే ఆ మాటకి తల పట్టుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ తేదీ కాపీ తీసి, పేరా తెచ్చి అతికించాను. డిజైన్లు చేసే సాఫ్ట్‌వేర్ కోరల్‌డ్రా కూడా సేవ్ చేసినప్పుడల్లా పక్కనే బ్యాకప్ ఆఫ్ అనే పేరుతో ఇంకో ఫైల్ పడేస్తుంది. అది అదే ఫోల్డర్లో కూర్చుంటుంది కాబట్టి మన చెయ్యి జారినప్పుడు ఆదుకుంటుంది, డిస్కు పోతే దానితోపాటే పోతుంది.

క్లౌడ్ విషయంలో పెద్ద ఆశలు పెట్టుకోలేదు. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ జీమెయిల్‌కీ ఫొటోలకీ కలిపి. మాకు అది ఎప్పుడో నిండింది. నెలకి 130 రూపాయల ప్లానులో 100 జీబీ తీసుకున్నాను. ఆ 100 జీబీ నిండా ఎక్కించాలంటే అప్‌లోడ్ వేగం 10 ఎంబీపీఎస్ ఉన్నవాళ్లకి దాదాపు 22 గంటలు పడుతుంది, అదీ మధ్యలో కరెంటు పోకపోతే. ఇంటర్నెట్ వాళ్లు బోర్డు మీద రాసే పెద్ద అంకె డౌన్‌లోడ్‌ది, మనకి కావాల్సింది అప్‌లోడ్‌ది. పాతవన్నీ పైకి ఎక్కించే ఆలోచన మానుకుని, నడుస్తున్న జాబులూ ఫైనల్ పీడీఎఫ్‌లూ లెక్కల ఎక్సెల్ మాత్రమే పెట్టాను. అది సింక్ అని కూడా గుర్తుంచుకోవాలి: ఇక్కడ తీసేస్తే అక్కడా పోతుంది, బిన్‌లో 30 రోజులుంటుంది, తర్వాత ఉండదు.

ఇంతవరకు జరిగింది కాపీ. అసలు కథ దసరాకి మా బావమరిది హైదరాబాద్ నుంచి లాప్‌టాప్ పట్టుకుని వచ్చినప్పుడు.

"నీ లాప్‌టాప్ ఒక పూట ఇవ్వరా, పనుంది."

"మీ దగ్గర రెండున్నాయిగా బావా?"

"నా దాంట్లో తెరుచుకుంటాయి. అందుకే నీది కావాలి."

అతనిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. లాప్‌టాప్‌లో తెలుగు డీటీపీకి సంబంధించిన వాసన కూడా లేదు. నాకు కావాల్సింది సరిగ్గా అదే. నా ఇంట్లో ఏమీ మిగల్లేదనుకుందాం, చేతిలో ఈ డిస్కు ఒక్కటే ఉంది, ఇంకెవరిదో కంప్యూటర్. పుస్తకం లేస్తుందా?

పుస్తకం పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ ఎక్కించి, ఒక కథల సంపుటి ఫైల్ మీద క్లిక్ చేశాను. ముందు పానోస్ ఫాంట్ మ్యాచింగ్ అని ఒక పెట్టె వచ్చింది: ఈ ఫాంట్లు లేవు, బదులు ఇవి వాడుతున్నాను అని జాబితా. ఓకే కొట్టాను. పేజీ తెరుచుకుంది. మార్జిన్లు ఉన్నాయి, పేజీ నంబర్లు ఉన్నాయి, పేరాలు ఉన్నాయి, తెలుగు లేదు. అచ్చుపేజీ నిండా ఇంగ్లిషు అక్షరాలు, వాటి నెత్తిన చుక్కలు, డాలర్ గుర్తులు, బ్రాకెట్లు. మా బావమరిది వెనక నిలబడి "ఇదేం కథ బావా, సైన్స్ ఫిక్షనా?" అన్నాడు.

పని తెలియని వాళ్లకి ఇది చెప్పాలి. మా డీటీపీల్లో ఏళ్ల తరబడి నడిచిన అను లాంటి ఫాంట్లు యూనికోడ్ (ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకే సంకేతం ఉండే పద్ధతి) కావు. ఫైల్లో ఉన్నది 'క' కాదు, ఏదో ఒక ఇంగ్లిషు సంకేతం. ఫాంట్ ఉంటేనే దాని మీద 'క' బొమ్మ కనిపిస్తుంది. ఫాంట్ లేకపోతే ఆ ఫైల్లో తెలుగు లేనట్టే. నా సిస్టమ్‌లో ఫాంట్లు విండోస్ ఫోల్డర్లో ఉంటాయి కాబట్టి డీ డ్రైవ్ ఎంత జాగ్రత్తగా కాపీ చేసినా అవి రావు. నా సిస్టమ్‌లోనే తెరిచి చూసుకుంటే ఈ సంగతి ఎప్పటికీ బయటపడదు కూడా.

ఫాంట్లు పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఎక్కించాక తెలుగు వచ్చింది. రెండో సమస్య ఇంకా మాయదారిది. ఫొటోలు తెర మీద కనిపిస్తూనే ఉన్నాయి. పీడీఎఫ్ చేసి పెద్దది చేసి చూస్తే రచయిత ముఖం గళ్ల లుంగీలా ఉంది. పేజ్‌మేకర్ పెద్ద ఫొటోని ఫైల్లో పెట్టుకోదు, ఎక్కడుందో గుర్తు రాసుకుని తెర కోసం ఒక చిన్న నకలు మాత్రం ఉంచుకుంటుంది. అసలు ఫొటో నా డెస్క్‌టాప్ మీద ఉండిపోయింది, డిస్కులోకి రాలేదు. తెరిచేటప్పుడు ఆ ఫొటో దొరకలేదని అది అడుగుతుంది కూడా. తొందరలో ఇగ్నోర్ కొట్టేస్తే సరాసరి ప్రెస్సులోనే బయటపడుతుంది.

ఆ పూటతో నా పద్ధతి మారింది. ఇప్పుడు ఒక జాబ్ అంటే ఒక ఫోల్డర్. అందులో పేజ్‌మేకర్ ఫైల్, దానికి సంబంధించిన ఫొటోలన్నీ, వాడిన ఫాంట్లు, ఫైనల్ పీడీఎఫ్. ఫొటోలు ఏరుకోనక్కర్లేదు: సేవ్ యాజ్‌లో లింక్ చేసిన ఫైళ్లన్నీ కాపీ చేయమనే ఆప్షన్ ఉంది, ఖాళీ ఫోల్డర్ చూపిస్తే అన్నీ తెచ్చి పడేస్తుంది. కోరల్ జాబులకి రెండు ఫైళ్లు: మామూలుది ఒకటి, కంట్రోల్ క్యూ కొట్టి అక్షరాలన్నీ కర్వ్స్, అంటే గీతల బొమ్మలు, చేసింది ఒకటి. కర్వ్స్ ఫైల్‌కి ఫాంట్ అక్కర్లేదు, ఏ సిస్టమ్‌లోనైనా అలాగే ఉంటుంది, కానీ అందులో అక్షరం దిద్దలేం. అందుకే రెండూ ఉండాలి. పై వెర్షన్ కోరల్‌లో సేవ్ చేసింది కింది వెర్షన్‌లో తెరుచుకోదు కాబట్టి పాత వెర్షన్‌లోకి ఒక కాపీ.

సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలర్లన్నీ ఒక ఫోల్డర్లో పెట్టి, సీరియల్ నంబర్లు కాగితం మీద రాసి ఎల్ఐసీ బాండ్ల ఫైల్లో పెట్టాను. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. అడోబ్ దాన్ని ఎప్పుడో వదిలేసింది, మేమే వదల్లేదు. ఆ సీడీ పోతే మళ్లీ దిక్కులేదు. ఒక సాఫ్ట్‌వేర్‌కి యూఎస్‌బీ లాక్ ఉంది, అది గుచ్చితేనే నడుస్తుంది, వేలెడంత ఉంటుంది. దాన్ని ఏ డిస్కులోకీ కాపీ చేయలేం. పోతే పోయిందే. అది రోజూ రాత్రి తీసి పర్సులో పెట్టుకుంటున్నాను.

పుస్తకాలకి ఇంకో మెట్టు ఎక్కాల్సి వచ్చింది. ఈ ఫాంట్లతో చేసిన పీడీఎఫ్ చూడ్డానికి చక్కగా ఉంటుంది, వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో అతికిస్తే మళ్లీ అవే డాలర్లు, బ్రాకెట్లు. అందుకని మ్యాటర్ మొత్తం కన్వర్టర్‌లో వేసి యూనికోడ్ చేసి, మామూలు టెక్స్ట్ ఫైల్‌గా కూడా దాస్తున్నాను. కన్వర్టర్‌ని నమ్మి వదిలేయకూడదు. కొన్ని ఒత్తులు తారుమారవుతాయి, ఒకసారి ప్రూఫు చదవాల్సిందే. కానీ ఆ ఫైల్ ఏ ఫోన్లోనైనా తెరుచుకుంటుంది. పుస్తకం మొత్తం కలిపి ఒక ఫొటో అంత కూడా ఉండదు. నన్నడిగితే డీటీపీ వాళ్లకి అసలైన బ్యాకప్ ఇదే, పేజ్‌మేకర్ ఫైల్ దీని తర్వాతే.

ఊరవతల కాపీకి తెనాలిలో మా అక్కయ్య ఇల్లు ఉంది. డిస్కుకి తాళం వేసే వెరాక్రిప్ట్ అనే ప్రోగ్రామ్‌తో పాస్‌వర్డ్ పెట్టాను. నా విండోస్ హోమ్ ఎడిషన్, అందులో విండోస్ సొంత తాళం బిట్‌లాకర్ పూర్తిగా రాదు. పాస్‌వర్డ్ మర్చిపోతే మనకీ తెరుచుకోదు కనుక అదీ బాండ్ల ఫైల్లోకే చేరింది. అక్కయ్య పట్టుచీరల కింద డిస్కు పెడుతూ "ఏందిరా ఇది, ఇంత భద్రంగా?" అంది. "నా షాపక్కా. పిల్లలు సినిమాలు ఎక్కించుకుంటామంటే ఇవ్వకు." పండక్కో పేరంటానికో వెళ్లినప్పుడు అక్కడిది ఇక్కడికి, ఇక్కడిది అక్కడికి మారుతుంది. మా ఇళ్లలో ఫంక్షన్లకి కొదవ లేదు గనక కాపీ మరీ పాతబడదు.

క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్ డిస్కుల ఆరోగ్యం చూపిస్తుంది. ఈ మధ్య ఫైల్ హిస్టరీ డిస్కు మీద నీలం పోయి పసుపు రంగులో కాషన్ (జాగ్రత్త) అని వచ్చింది. ఇంకా పనిచేస్తూనే ఉంది, అయినా ఆ వారమే మార్చేశాను. పాతదాన్ని స్క్రాప్‌కి వేసే ముందు డ్రిల్లింగ్ మెషీన్‌తో బొక్కలు పెట్టించాను.

పాత పుస్తకాల్ని యూనికోడ్‌లోకి మార్చే పని ఇంకా నడుస్తోంది. పని లేని మధ్యాహ్నాల్లో ఒక్కో సంపుటి తీస్తున్నాను. పుస్తకాల తర్వాత బిల్ బుక్కులు, లెటర్‌ప్యాడ్లు. పాత శుభలేఖలు మాత్రం ఉన్నవి ఉన్నట్టు వదిలేశాను. ఇన్నేళ్లలో అదే పెళ్లికార్డు మళ్లీ వేయమని ఎవరూ రాలేదు.